ఏ హామీ లేకుండా

కంచరపాలెంలో టైర్ల కొట్టు పైన గది.
రైలు వెళ్లినప్పుడల్లా టంకం వేసే చెయ్యి ఆపాలి.
అలా ఆగిన క్షణాల్లోనే
మేం లైసెన్సు కోసం పోట్లాడుకున్నాం.

పెట్టె చిన్నదే, సబ్బు డబ్బా అంత.
ఇంజను చచ్చిన బోటుకి, మంచు పట్టిన వేకువలో
ఒడ్డు ఎటుందో చెబుతుంది.
బోర్డు గీసింది నేను.
లోపలి ప్రోగ్రాం గౌరీశు రాశాడు.
వాడే తీరు చెప్పే బొమ్మల పుస్తకం
సైన్‌బోర్డు పెయింటరు కూతురు మెహరున్నీసాది.

మొదటి బోర్డుని ఏ కాగితమూ లేకుండా వదిలాను,
అందరిదీ అనుకుని.
కాగితం లేకపోతే చట్టం లెక్కలో తాళం వేసినట్టేనట.
మంచివాళ్లు భయపడి ముట్టుకోలేదు.
ఆటోనగర్‌లో ఒకాయన ముట్టుకున్నాడు.
నా పేరు గీకేసి, నల్ల జిగురులో ముంచి
మూడింతలకి అమ్మాడు.
భీమిలి అవతల దారి తప్పి తిరిగొచ్చిన బోటువాళ్లు
ఆ పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టారు.
లోపల నేను గీసిన తీగలే.
నేనే విప్పలేకపోయాను.

అందుకని ఈసారి బోర్డుకి గట్టి కాగితం.
చేసుకో, అమ్ముకో, లాభం తిను.
మార్చావా, మార్చిన గీత బయట పెట్టు.
పక్కింట్లో తోడు అడిగి పెరుగు చేసుకున్నదానివి,
రేపు ఇంకొకరు గిన్నె పట్టుకొస్తే
లేదనకు. అంతే.

గౌరీశు తన కోడ్‌కి ఆ షరతు వద్దన్నాడు.
"నా పేరు ఉంచితే చాలు. మూసుకునేవాడు మూసుకోనీ,
అలాగైనా ఇంకో పది బోట్లకి చేరుతుంది కదా."
రెండు రైళ్లు వెళ్లిపోయాయి.
మూడోది గూడ్సు, పొడుగుది.
అది దాటేసరికి నా దగ్గర మాటలు అయిపోయాయి.
వాడి కోడ్, వాడిష్టం. ఎమ్‌ఐటి అని రాసుకున్నాడు.
నాకు ఇప్పటికీ కొంచెం మంటే.

మెహరున్నీసా ముందు 'అమ్మరాదు' అని రాసింది.
తర్వాత గుర్తొచ్చింది,
హార్బరు గేటు దగ్గర జిరాక్సు సత్తెమ్మ
ఆ పుస్తకం కుట్టి పదిహేను రూపాయలకి ఇస్తుంది.
సత్తెమ్మది వ్యాపారమా?
ఆ రాత్రే ఆ మాట కొట్టేసింది.

పెదజాలారిపేట ఇసుకలో కూర్చుని
మూడు కాగితాలూ పోలయ్య తాతకి తెలుగులో చదివాం.
'ఏ విధమైన హామీ లేకుండా' దగ్గర ఆపాడు.
"అంటే పన్జేస్తాదని గేరంటీ నేదా?"
లేదు తాతా, అన్నిట్లోనూ అలాగే రాస్తారు.
నవ్వాడు.
"సంద్రం గూడా మాకలాగే రాసిచ్చిందమ్మా."

ఆ తర్వాత నవ్వలేదు.
నీళ్ల కింద చేపలుండే రాళ్లు పద్నాలుగు,
డాల్ఫిన్ నోస్ దీపానికి ఏ కొండ నెత్తి కలిస్తే
కింద ఏ రాయి ఉందో
ఆయన చెప్పినవన్నీ పెట్టెలో ఎక్కించేశాడు గౌరీశు.
"పెట్టె ఎవలికైనా ఇచ్చీండి. రాళ్లు తీసీండి.
ఆటి మీద మీ పేరెలగేస్తారు?
నా పేరూ ఎయ్యకూడదు.
మా అయ్య సెవిలో సెప్పినియ్యి."

దానికి సరిపడే కాగితం వెతికాం.
దొరకలేదు.
ఇవాళ్టి ప్రతిలోంచి తుడవడం చిటికెలో పని,
పాత ప్రతులన్నిట్లోంచీ తుడిచేసరికి తెల్లారింది.

మొన్న పూడిమడక నుంచి ఒక పెట్టె మరమ్మతుకొచ్చింది.
మూత విప్పితే విప్పుకుంది.
ఉప్పు చేరకుండా ఎవరో యాంటెన్నాని పక్కకి జరిపారు.
మూత లోపలివైపు సిగరెట్టు అట్ట ముక్క,
దాని మీద బాల్‌పెన్నుతో కొత్త తీగ దారి.
కింద పేరు లేదు.
ఆ మనిషి మా కాగితం చదివి ఉండడు.

రైలు వెళ్తోంది.
చెయ్యి ఆపి ఆ అట్టనే చూస్తున్నాను.
నా గీత కంటే బాగుంది.